ఖాళీ క్యాన్లతో గుండం దాకా

మా ఆఫీసులో ఆదివారం నాడు అడవికి పోవడాన్ని ట్రెక్ అంటారు. మొన్న వానాకాలంలో ఆ ట్రెక్ గురించి ఒక మెయిల్ వచ్చింది. ఏమేం తెచ్చుకోవాలో అందులో పెద్ద జాబితా ఉంది. బురదలో జారని బూట్లు, మడత పెట్టుకునే చేతికర్ర, వానకోటు, దోమల మందు, మనిషికి రెండు లీటర్ల సీసా నీళ్లు, చివరగా ‘ఓపెన్ మైండ్’. ఇంతా చేసి వెళ్లేది అమ్రాబాద్ దిక్కు అడవిలో ఒక జలపాతానికి. బండి దిగాక కాస్త కాలిబాట, ఆ తర్వాత కిందికి మెట్లు. సర్కారు సిమెంటుతో కట్టి, పక్కన ఇనుప కమ్మీ కూడా పెట్టిన మెట్లు. వాటిని దిగడానికి ఓపెన్ మైండ్ ఎందుకో నాకు అర్థం కాలేదు. జాబితా చదివి నవ్వుకున్నాను. నవ్వుకుని, ఆ సాయంత్రమే బుద్ధిగా పోయి బూట్లు కొనుక్కున్నాను. నా వెక్కిరింత ఎప్పుడూ ఇంతే, లోపలే ఉంటుంది. బయటికి మాత్రం అందరికంటే ముందు నేనే తల ఊపుతాను.

బస్సులో మాకొక లీడరు ఉన్నాడు. శని, ఆదివారాలు మనుషులను అడవులకు తోలుకుపోవడమే అతని ఉద్యోగం. మెడలో విజిల్, నెత్తిన టోపీ, నోట్లో ఎప్పుడూ ఒక ఉపదేశం. డిండి దాటగానే లేచి నిలబడి, “ఫ్రెండ్స్, ఇవాళ మనం మాట్లాడొద్దు, ప్రకృతి మాట్లాడుతుంటే విందాం” అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వెంటనే డ్రైవరు పాటలు పెట్టాడు, మన్ననూరు దాకా ప్రకృతితో సహా ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు. మధ్యలో పాట ఆపించి, “ఇక్కడికి ఇంతకుముందు వచ్చినవాళ్లు చేతులెత్తండి” అని అడిగాడు. నేను ఎత్తలేదు. కానీ వచ్చాను. తెలంగాణ వచ్చిన కొత్తలో, ఇంటర్ చదివే రోజుల్లో, మా అవ్వతో, బాపుతో కలిసి వచ్చాను. ఆ రోజు ఆ నీళ్ల పక్కన నేనొక పని చేశాను. దాన్ని ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు, ముఖ్యంగా బాపుకు చెప్పలేదు. ముప్పై దాటకముందే జ్ఞాపకాలు రాయడమేమిటని ఎవరైనా నవ్వితే నవ్వనీ. ముసలితనం దాకా ఆగితే చెప్పడానికి నేనుంటానేమో గానీ, వినాల్సినవాళ్లు ఉండరు.

మాది చౌటుప్పల్ నుంచి కాస్త లోపలికి ఉన్న ఊరు. హైదరాబాదు వాళ్లకు చౌటుప్పల్ అంటే విజయవాడ దారిలో టీ తాగడానికి బండి ఆపే చోటు, లేకపోతే ప్లాటు కొని మరిచిపోయే చోటు. మాకు మాత్రం అది నీళ్ల కోసం ఎదురుచూసే చోటు. బోర్లలో నీళ్లు లేక కాదు. చూడ్డానికి తేటగా, చేతికి చల్లగా ఉండేవి. వాటిలోని ఫ్లోరైడే తాగినవాళ్ల పళ్లను గోధుమరంగుకు తిప్పి, ఎముకలను వంచి, కొందరిని మంచానికి కట్టేసింది. అందుకే మా ఇంట్లో మనుషులకు ఉన్నట్టే నీళ్లకూ కులాలుండేవి. పెరట్లో సిమెంటు తొట్టిలోవి బోరు నీళ్లు, ఒంటికీ బట్టలకూ. వాకిట్లో డ్రమ్ములోవి ట్యాంకరు నీళ్లు, వంటకు. లోపల పీట మీద, మూతకు గుడ్డ చుట్టి పెట్టిన క్యానులోవి తాగడానికి. పిల్లలం ఆ క్యాను దగ్గరికి మురికి చెంబుతో పోతే అమ్మ వీపు మీద ఒకటి వేసేది. ట్యాంకరు రాని రోజున బోరు నీళ్లతోనే పప్పు పెట్టేది. కుక్కరు ఎన్ని కూతలు కూసినా పప్పు పలుకుగానే ఉండేది, అన్నానికి పసుపుచాయ వచ్చేది. సాయంత్రం బాపు మందుల ఫ్యాక్టరీ నుంచి వచ్చేవాడు. చొక్కాకు పట్టిన రసాయనం వాసన ఆయనకంటే ముందే వాకిట్లోకి వచ్చేది. ఆ నీళ్లలో సబ్బు నురగ పట్టదు కనుక ఎంత ఉతికినా ఆ వాసన పోయేది కాదు. ప్రతి ఎన్నికలకూ ఎవరో ఒకాయన వచ్చి, మా వంకర కాళ్ల ముసలివాళ్ల భుజం మీద చేయి వేసి ఫొటో దిగిపోయేవాడు. ఫొటోలో ఆయన మొహం మీద ఉన్నంత దుఃఖం మా ముసలివాళ్ల మొహాల మీద కూడా ఉండేది కాదు.

అవ్వ అంటే మా నాయనమ్మ, బాపు వాళ్ల అమ్మ. ఆమె పుట్టి పెరిగింది మా నీళ్లతో కాదు. ఆమెది అమ్రాబాద్ పక్కన అడవి అంచున ఉన్న ఊరు. చిన్నప్పుడు వాళ్ల అమ్మ వెంట అడవికి పోయి బీడీల తునికాకు కోసేదట. పెళ్లయి మా ఊరికి వచ్చిన కొత్తలో తలమీద నిండుబిందె పెట్టుకుని, చేయి వేయకుండా నిటారుగా నడిచి వచ్చేదని పెద్దవాళ్లు చెప్పేవారు. నేను ఎరిగిన అవ్వ వేరు. నాకు ఊహ తెలిసేసరికే ఆమె వెన్ను ముందుకు వంగి, మెడ బిగుసుకుపోయి ఉంది. తల ఎత్తలేదు, పక్కకు తిప్పలేదు. ఎవరి ముఖమైనా చూడాలంటే వాళ్లే వచ్చి ఆమె ముందు గొంతుక్కూర్చోవాలి. నిలబడి మాట్లాడేవాళ్లను ఆమె పాదాలను బట్టి గుర్తుపట్టేది. మడమల పగుళ్లు, మెట్టెలు, చెప్పుల అరుగుదల, వేళ్ల వంకర, ఇవే ఆమెకు మనుషుల ముఖాలు. వాకిట్లోకి ఎవరు వచ్చినా నేల చూస్తూనే, “ఏందే లచ్చమ్మ, గా చెప్పు తెగి ఎన్నొద్దులాయె, కుట్టియ్యరాదు” అనేది. ఒక్కసారి కూడా ఆమె మనిషిని పొరబడడం నేను చూడలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇక నీళ్ల విషయంలో ఆమె నాలుకకు తిరుగులేదు. ఒక గుక్క నోట్లో పోసుకుని, అటూ ఇటూ తిప్పి, మింగి, కాసేపు ఆగి తీర్పు చెప్పేది. “గివి స్కూలు కాడి బోరువి. గివి ట్యాంకరువే గని అడుగు నీళ్లు.” ఎంత మంచి నీళ్లు తెచ్చి పోసినా చివరికి ఒకటే మాట, “మా గుండం నీళ్ల లెక్క లేవు.” ఆ మాట వినీ వినీ మా అమ్మకు ఒళ్లు మండేది. ఆ గుండం ఇప్పుడు మా ఆఫీసువాళ్లు ట్రెక్ చేసిన జలపాతమే. జలపాతం అనే మాట తర్వాత బోర్డు రాసినవాళ్లది. పైనుంచి పడేదాన్ని చూసి మురిసిపోయే తీరిక అక్కడివాళ్లకు ఉండేది కాదు. కింద నిలిచిన నీళ్లే వాళ్లకు కావలసింది, అందుకే గుండం అన్నారు.

మా దిక్కు జనానికి ఒక అలవాటు ఉండేది. మంచినీళ్లున్న ఊరికి ఎవరూ ఖాళీ చేతులతో పోరు, ఖాళీ క్యాన్లతో పోతారు. పెళ్లయినా, చావయినా, దేవుడి మొక్కుబడయినా ఇంతే. హాలియా దిక్కు, సాగర్ కాలువ కింద మాకు చుట్టాలున్నారు. మా ఊరివాళ్లు బస్సు దిగగానే అక్కడి పిల్లలు “క్యానోళ్లు వచ్చిండ్రు” అని అరుచుకుంటూ పరుగెత్తేవాళ్లు. చావు ఇంటికి పోయి, గుండెలు బాదుకుని ఏడ్చి, కళ్లు తుడుచుకుని, “నల్లా ఎప్పుడొస్తదక్కా” అని అడిగిన మా మేనత్తను నేను కళ్లారా చూశాను. ఆ వయసులో వాళ్లందరినీ చూస్తే నాకు అసహ్యం వేసేది. నా పళ్లను చూస్తే అంతకంటే ఎక్కువ. అప్పుడు నేను హైదరాబాదులో హాస్టల్లో ఉంటున్నాను. పెదవులు విప్పకుండా నవ్వడం, చున్నీ అంచు నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడడం అక్కడే నేర్చుకున్నాను. చదువుకంటే అదే బాగా వచ్చింది. ఏ ఊరని ఎవరైనా అడిగితే హైదరాబాదే అనేదాన్ని.

ఆ శ్రావణంలో అవ్వ పుట్టింట్లో పెళ్లి. ఆమె తమ్ముడి మనవడిది. బట్టలతో పాటు రెండు క్యాన్లు కూడా బస్సెక్కించి వెళ్లాం. పెళ్లి అయిన మర్నాడు పొద్దున, మిగిలిన బగారన్నం తింటున్నప్పుడు అవ్వ బాపును పిలిచింది.

“కొడకా, ఇంత దూరం వస్తిమి. ఒక్కసారి గుండం కాడికి తోల్కపో. నీళ్ల నెత్తి చూడాలె.”

నీళ్ల నెత్తి అంటే నీళ్లు దూకే చోటు. అక్కడ మూడు పాయలు వచ్చి ఒక్కటై పడతాయట. చిన్నప్పుడు ఆకు మోపు దించి, బండ మీద వెల్లకిలా పడుకుని ఆ పాయలను చూసేదాన్నని అవ్వ మాకు ఎన్నిసార్లు చెప్పిందో. తల ఎత్తలేని మనిషికి నీళ్ల నెత్తి ఎట్లా కనిపిస్తుంది? పెళ్లింట్లో అందరూ నవ్వారు. “నీ మెడ లేస్తదా అక్కా? ఊకె తిప్పలు పెట్టకు పిలగాన్ని” అని ఆమె తమ్ముడే అన్నాడు. బాపు నవ్వలేదు. “లేవకుంటె ఏమాయె, నేనున్న గద” అని లేచిపోయి, క్యాన్లు కడగడం మొదలుపెట్టాడు. మోయడానికి ఒక కావడిబద్ద కూడా అడిగి తెచ్చుకున్నాడు. అమ్మ పెళ్లింటి గిన్నెల దగ్గర ఉండిపోయింది. చుట్టాల ఆటోలో అవ్వ, బాపు, నేను బయల్దేరాం. వెనకాల క్యాన్లు దొర్లుతూ దారి పొడుగునా మోగాయి.

అప్పట్లో అక్కడ గేటంటే అడ్డంగా ఒక కట్టె, పక్కన ఒక రేకుల షెడ్డు. అక్కణ్ణుంచి కాలిబాట. రాత్రి వాన పడి ఆకులు తడిసి, అడవంతా మగ్గిన వాసన వేస్తోంది. అవ్వ చేతికర్ర పొడుచుకుంటూ ముందు నడిచింది. వంగిన మనిషికి నేల తప్ప ఏమీ కనిపించదు కదా, రాలిన ఆకును, కాయను చూసి పైన ఏ చెట్టుందో చెబుతూ పోయింది. “గిది తునికి. గిది నల్లమద్ది. గీడ మా అమ్మకు తేలు కుట్టింది.” ఆమె గొంతులో అంత హుషారు నేనెప్పుడూ వినలేదు. నాకేమో ఆ గొంతు కాస్త తగ్గితే బాగుండనిపించింది, ఎందుకంటే దారిలో హైదరాబాదు బండ్లవాళ్లు కనిపించడం మొదలైంది. మెట్ల దగ్గర బాపు కూర్చుని వీపు చూపించాడు. అవ్వ ఆయన మెడ చుట్టూ చేతులు వేసింది. కావడిబద్ద, రెండు ఖాళీ క్యాన్లు నా చేతికి వచ్చాయి. ఒక్కో మెట్టు దిగుతుంటే క్యాను కమ్మీకి తగిలి ఢబ్బుమని మోగేది. జనం వెనక్కి తిరిగి చూసేవాళ్లు. “కింద వాటర్ ప్లాంటేమైనా పెట్టారా?” అని ఒకడు అడిగాడు, వాడి పక్కవాళ్లు పడీపడీ నవ్వారు. బాపు కూడా నవ్వాడు. వాడు తనను వెక్కిరించాడని ఆయనకు తట్టనే లేదు, తమాషాకు అన్నాడనుకున్నాడు. బాపు మీద నాకు ఒళ్లు మండిపోయింది. నేను నాలుగు మెట్లు వెనక పడ్డాను, తర్వాత పది.

గుండం దగ్గర జనం బాగానే ఉన్నారు. తెల్లటి నీళ్లు, పచ్చటి రాళ్లు, వాటి ముందు వరుసగా నిలబడి చేతులు చాపుకున్న మనుషులు. నేను క్యాన్లను ఒక బండ వెనక వదిలేసి, సంబంధం లేనట్టు పక్కకు జరిగాను. అప్పుడే ఒక అమ్మాయి వచ్చి, తమ గుంపుకు ఫొటో తీసిపెట్టమని ఫోన్ ఇచ్చింది. నా వయసే. పళ్లు ముత్యాల్లా ఉన్నాయి. నేను ఫొటో తీశాను. ఆమె థాంక్స్ చెప్పి, ఏ కాలేజీ అని అడిగింది, చెప్పాను. తమతో ఒక ఫొటో దిగమంది, పెదవులు బిగించి దిగాను. బిస్కట్లు పెట్టారు. అంతే జరిగింది. ఇంత చిన్న మర్యాదకు నేను ఎంత పొంగిపోయానో తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది. హాస్టల్లో ఏడాది ఉన్నా దొరకనిది ఆ రాళ్ల మీద దొరికిందనుకున్నాను.

ఇంతలో బాపు తన పని మొదలుపెట్టాడు. గుండం ఒడ్డున ఏటవాలుగా ఒక బండ ఉంది. దాని మీద తను వెల్లకిలా ఆనుకుని, కాళ్లు తన్నిపట్టి, అవ్వను తన ఛాతీ మీద కూర్చోబెట్టుకుని వెనక్కి వాల్చుకున్నాడు. వంగిన వెన్ను వంగినట్టే ఉంది. మొత్తం మనిషే వెనక్కి వాలింది గనుక ముఖం పైకి తిరిగింది. జారిపోకుండా బాపు ఆమె నడుము చుట్టూ రెండు చేతులూ వేసి పట్టుకున్నాడు. ఇద్దరి మీదా తుంపర పడుతోంది. బాపు ఒళ్లంతా పాకురు, అవ్వ పైట జారి నీళ్లలో నానుతోంది. నా పక్కనున్నవాళ్లు నవ్వడం మొదలుపెట్టారు. ఒకడు ఫోన్ ఎత్తి వీడియో తీస్తున్నాడు.

“కనవడ్తానయ్ కొడకా!” అని అవ్వ అరిచింది. “మూడు పాయలు! గట్లనే ఉన్నయ్ రా!”

“మంచిగ చూడమ్మా. నాకు బరువు లేదు, జర సేపు చూడు” అన్నాడు బాపు కింద నుంచి.

ఫోన్ ఇచ్చిన అమ్మాయి నా వైపు తిరిగింది. “మీతో వచ్చినవాళ్లా?” అని అడిగింది. వెక్కిరించి అడగలేదు, మామూలుగానే అడిగింది. నేను కాదన్నాను. నీళ్ల హోరులో ఆమెకు వినపడలేదు. “ఆఁ?” అంది. అప్పుడు నేను గొంతు పెంచాను. “కాదు, వాళ్లెవరో నాకు తెలీదు” అని అరిచి చెప్పాను. అవ్వ నాకు నాలుగు అడుగుల దూరంలో ఉంది. ఆమెకు మెడ తిరగదు గానీ చెవులు పాముచెవులు. పాయల గురించి ఏదో చెబుతున్నది మధ్యలో ఆగిపోయింది. బాపు చెవికి ఒకవైపు ఆమె తల, ఇంకోవైపు బండ, ఆయనకేమీ వినపడలేదు. “చూసినవా అమ్మా?” అంటే “చూసిన, ఇగ లేపు” అంది.

బాపు క్యాన్లు వెతికి, నిండా ముంచి, కావడికి కట్టాడు. నా దిక్కు చూసి ఏదో సైగ చేశాడు. క్యాన్లు పైన పెట్టి వచ్చి అవ్వను ఎత్తుకుపోతానని, అంతదాకా చూసుకొమ్మని. నేను ఎవరికీ కనపడకుండా తల ఊపాను. ఆయన మెట్లెక్కి కనుమరుగయ్యాడు. అవ్వ బండ మీద ఒక్కతే కూర్చుంది. ఆ గుంపులో ఫోన్ ఇచ్చిన అమ్మాయికే జాలి కలిగింది. “పాపం, ఆయన వదిలేసి పోయినట్టున్నాడు, ఆమెను పైకి ఎక్కించొద్దామా?” అంది. ఇక నాకు తప్పలేదు. లేచి వెళ్లి అవ్వ ముందు నిలబడ్డాను. అవ్వ నేల చూస్తోంది. నేల మీద నా పాదాలున్నాయి. పెళ్లికని చౌటుప్పల్ బజార్లో తనే ఏరి కొనిపెట్టిన చెప్పులున్నాయి. వాటి వైపు చాలాసేపు చూసింది. ఎప్పుడూ నన్ను పోరీ అని తప్ప పిలవని మనిషి, కర్ర అందుకుని లేస్తూ, ఆ గుంపంతా వినేట్టు అంది.

“ఎవరి బిడ్డవో తల్లీ, జర చెయ్యి పట్టి పైకి ఎక్కియ్యవా?”

నేను చెయ్యి ఇచ్చాను. “కొడుకు వస్తడు గద, కూసోరాదు” అని గొణిగాను. వినిపించుకోలేదు. ఆ మోకాళ్లతో ఒక్కో మెట్టుకూ రెండు పాదాలూ పెట్టి, ఆయాసపడుతూ, ఆగకుండా ఎక్కింది. ఎందుకంత తొందరో నాకప్పుడు తెలియలేదు. బాపు మళ్లీ కిందికి దిగివస్తే అందరి ముందూ నన్ను బిడ్డా అని పిలుస్తాడు. ఆ సంగతి నాకంటే ముందు ఆమెకే తట్టింది. దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ పక్కనుంచి పోతున్నారు. సగం దారిలో కమ్మీకి ఆనుకుని ఊపిరి తీసుకుంటూ, పక్కన జనముండగానే అడిగింది.

“ఏ ఊరు తల్లీ మీది?”

అప్పుడైనా ‘అవ్వా’ అని పిలిచి ఉంటే సరిపోయేది. ఫోన్ ఇచ్చిన అమ్మాయి మాకు రెండు మెట్లు వెనక వస్తోంది. నేను “హైదరాబాద్” అన్నాను.

“మంచిది తల్లీ” అంది అవ్వ. “సల్లగుండు.”

పై మెట్టు ఇంకా కొంచెం దూరముందనగా నా చెయ్యి వదిలేసింది. “ఇగ నే పోత. నువ్వు పో, నీవోళ్లు చూస్తుంటరు” అంది. నేను పోయాను. పరుగెత్తాను అంటే నిజం. గేటు దగ్గర బాపును గార్డు ఆపి ఉన్నాడు. అడవిలో నుంచి క్యాన్లతో నీళ్లు తీసుకుపోకూడదని ఇద్దరికీ వాదన. బాపు బతిమాలుతున్నాడు. గార్డు విసుగ్గా “ఏ ఊరే మీది?” అన్నాడు. “చౌటుప్పల్ దిక్కు సారూ” అన్నాడు బాపు నోరంతా తెరిచి. గార్డు ఆ పళ్లను చూశాడు. అడ్డకట్టె ఎత్తాడు. అప్పుడు బాపు నన్ను చూసి, “అవ్వ ఏదే?” అన్నాడు. “వస్తున్నది” అన్నాను. “ఒక్కదాన్ని ఇడిసిపెట్టి వచ్చినవా? బుద్ధుందా నీకు?” అని చెయ్యెత్తాడు. అంతలో కర్ర చప్పుడు వినిపించింది. “నేనే పొమ్మన్నరా, పిల్లను అనకు” అంటూ అవ్వ వచ్చింది.

ఆ నీళ్లతో మర్నాడు ఇంట్లో పప్పు పెడితే మెత్తగా వెన్నలా ఉడికింది. అవ్వ తన గ్లాసులో పోసుకుని రోజుకింత తాగింది. మళ్లీ నన్ను పోరీ అనే పిలిచింది. గుండం ముచ్చట వందసార్లు చెప్పింది, మెట్ల ముచ్చట నా ముందు ఒక్కసారీ ఎత్తలేదు. తర్వాత ఊరికి ఇంటింటికీ నల్లా వచ్చింది, కృష్ణ నీళ్లు వచ్చాయి. అవ్వ నోట్లో తిప్పి చూసి, “పర్వాలె” అంది. ఆమె వెన్నుకు మాత్రం ఆ నీళ్లు ఆలస్యంగా వచ్చాయి. వచ్చిన మూడో ఎండాకాలం అవ్వ పోయింది. నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే నా పళ్లకు తొడుగులు వేయించుకున్నాను. ఇప్పుడు నేను నోరారా నవ్వుతాను. ఆ నవ్వు చూసి మా ఆఫీసువాళ్లు నాకు ఆత్మవిశ్వాసం ఎక్కువంటారు.

మొన్నటి ట్రెక్కులో లీడరు మమ్మల్ని అదే ఒడ్డున కూర్చోబెట్టి, కళ్లు మూసుకుని కృతజ్ఞత చెప్పమన్నాడు. ఎవరికి చెప్పాలో చెప్పలేదు. ఆ తర్వాత అందరూ సీసాల మూతలు తిప్పి, బజారులో కొన్న నీళ్లు తాగారు. దూకే నీళ్ల ముందు కూర్చుని కొన్న నీళ్లు తాగేవాళ్లను చూస్తే మా క్యానోళ్లే నయమనిపించింది. ఏటవాలు బండ ఇంకా అక్కడే ఉంది, దాని మీద ‘జారును, జాగ్రత్త’ అని రంగుతో రాశారు. నేను నా సీసా ఒంపేసి గుండంలో ముంచాను. “అయ్యో, ఆ నీళ్లు తాగకండి, ఇన్ఫెక్షన్ వస్తుంది” అంది హెచ్‌ఆర్ మేడమ్. “మొక్కలకు” అన్నాను. చూశారా, మళ్లీ అబద్ధమే. ఇన్నేళ్లయినా నా నోరు అదే దారిన పోతుంది.

మర్నాడు ఊరికి వెళ్లి ఆ సీసా బాపుకు ఇచ్చాను. ఎక్కడివో చెప్పలేదు. బాపు ఇప్పుడు ఫ్యాక్టరీ మానేశాడు, కళ్లద్దాలు పెట్టుకుని పొద్దంతా పేపరు చదువుతాడు. నేను రాసినవి ఎక్కడ అచ్చయినా తెప్పించుకుని, వేలు పెట్టుకుని ఒక్కో వాక్యమే చదువుతాడు. ఒక గుక్క నోట్లో పోసుకుని, అచ్చం వాళ్లమ్మలాగే అటూ ఇటూ తిప్పి, మింగి, ఆగాడు.

“గుండం నీళ్లే గదనే!” అన్నాడు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. “నీకు చెప్పిన్నో లేదో బిడ్డా. ఆ దినం నువ్వు ముందు ఉరికొచ్చినవు గద, మీ అవ్వను ఎవరో పట్నం పిల్ల పైకి ఎక్కిచ్చిందట. పానం పోయేదాక ఆ పిల్ల ముచ్చటనే చెప్పేది నాకు. ‘కన్నబిడ్డ లెక్క పట్టుకున్నది కొడకా, ఒక్క మెట్టు మీద గూడ చెయ్యి ఇడువలే’ అనేది.”

“ఏ ఊరో అడగలేదటనా?” అన్నాను.

“అడిగిందట. హైదరాబాదే అన్నదట. పట్నంల గూడ గసొంటి పిల్లలుంటరు చూడు. ఏడున్నదో ఏమో, దేవుడు సల్లగ చూడాలె.”

ఆ మాటకు నేను లేచి లోపలికి పోయాను. ఎదురుగా చెప్పే ధైర్యం లేక ఇదంతా రాశాను. ఇది అచ్చయితే బాపు తెప్పించుకుంటాడు, వేలు పెట్టుకుని ఇక్కడి దాకా వస్తాడు. బాపూ, అద్దాలు తీయకు, ఇంకొక్క మాటే ఉంది. ఆ పిల్లది హైదరాబాదు కాదు.